నైన్ ఇంచ్ నెయిల్స్ లైవ్ సీడీ: ఇందులో జనం ఎక్కడ, పేరున్న పాట ఎక్కడ?

మంచంకిందసూట్‌కేసు (ప్రశ్న)

నమస్తే అండీ. ఇక్కడ పాత క్యాసెట్లు, స్పూల్ టేపుల గురించి రాసేవాళ్లే ఎక్కువని తెలుసు. నాది కొంచెం వేరే గొడవ, అయినా అడుగుతున్నాను.

మాది గుంటూరు. గ్రూప్స్‌కి చదువుకుంటూ మేడ మీద గదిలో ఉంటాను. ఆ గదిలో మంచం కింద మా బాబాయి సూట్‌కేసు ఇరవై ఏళ్లుగా పడి ఉంది. ఆయన 1998లో వై2కే ఉద్యోగాల ఊపులో న్యూజెర్సీ వెళ్లి, 2003లో వచ్చేసి, ఇప్పుడు మిర్చి వ్యాపారంలో ఉన్నాడు. పోయిన నెల చెదల మందు కొట్టించడానికి మంచం జరిపితే సూట్‌కేసు బయటపడింది. తాళం ఎప్పుడో పోయింది. లోపల రెండు స్వెట్టర్లు, ఇండియాకి ఫోన్ చేసుకునే కాలింగ్ కార్డుల కట్ట, నలభై దాకా సీడీలు. బాబాయి చేతిలో నేను ఇంతవరకూ మిర్చి శాంపిళ్ల సంచీ తప్ప ఇంకేం చూడలేదు. ఈ మనిషి నలభై సీడీలు కొన్నాడా అనిపించింది.

అందులో ఒకటి 'అండ్ ఆల్ దట్ కుడ్ హావ్ బీన్', నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండు వాళ్లది, 2002. వెనకాల లైవ్ అని ఉంది. మా పాత కంప్యూటర్‌కి ఇంకా డీవీడీ డ్రైవ్ ఉంది కాబట్టి వేశాను. మూడో పాటకి కింద నుంచి అమ్మ, "మోటార్ బేరింగ్ పోయినట్టుంది, ముందు దాన్ని ఆపవే" అని అరిచింది. నేను ఆపలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 16 పాటలూ విన్నాను. తర్వాత వారంలో ఇంకో నాలుగుసార్లు విన్నాను, అది వేరే సంగతి.

నా అనుమానాలు ఇవి. లైవ్ అంటే జనం గోల ఉండాలి కదా. ఇందులో పాటకీ పాటకీ మధ్య అరుపులు వినిపిస్తాయి, పాట మొదలయ్యాక జనం గోడ అవతలికి వెళ్లిపోయినట్టు అయిపోతుంది. చివరి పాట 'హర్ట్'లో మాత్రం ఉన్నట్టుండి దగ్గరికొస్తారు. నిజంగా స్టేజీ మీద వాయించిందేనా, లేక స్టూడియోలో చేసి చప్పట్లు అతికించారా? రెండోది, ఆల్బమ్ పేరుతో పాట ఉంటుందనుకున్నాను. ముందు నుంచి వెనక దాకా వెతికాను, ఆ పేరుతో పాటే లేదు! బాబాయిని అడిగితే "అది రెండో డిస్కులో ఉంటుంది, రూమ్మేట్ ఒకడు పట్టుకుపోయాడు" అని ఫోన్ చూసుకుంటూ చెప్పి లేచి వెళ్లిపోయాడు. ఆ మాట నిజమేనా?

బుక్‌లెట్ పేజీల మధ్య పాత టికెట్ లాంటిది కూడా ఒకటి అతుక్కుపోయి ఉంది. లాగితే చిరిగేలా ఉంది, అందుకే ఇంకా తీయలేదు.

---

లోకల్‌ప్యాసింజర్

ఇనప రేకు మీద సుత్తి వేసి కొడితే దానికి పేరు పెట్టి అమ్మారు. మీ అమ్మగారు కరెక్ట్‌గా చెప్పారు. చదువుకోండమ్మా, నోటిఫికేషన్ వచ్చేలా ఉంది.

---

మైకుసెట్_రాజోలు

పైనాయన చెప్పినదాంట్లో సగం నిజమేనండి. ఇనప రేకు చప్పుడు నిజంగానే ఉంటుంది. అది ఎవరు కొట్టారు, ఎప్పుడు కొట్టారు అన్నదే ఇందులో తమాషా.

చెల్లెమ్మా, మాది రాజోలు దగ్గర. ముప్పై ఏళ్లుగా మైకు సెట్ పని. పెళ్లిళ్లు, తీర్థాలు, ఆర్కెస్ట్రాలు, ఎలక్షన్లు. నాకు ఈ బ్యాండు ఎలా తెలుసంటే, ఒకసారి కొత్త బేస్ బాక్సులు కొందామని హైదరాబాద్ వెళ్లాను. షాపాయన బాక్సు చూపించడానికి వీళ్ల 'క్లోజర్' పాట వేశాడు. ఆ మొదటి డ్రమ్ము దెబ్బ తెలుసుగా, డుప్‌మని, ఊపిరి తీసి వదిలినట్టు. బాక్సు కొన్నాను, పాట పేరు రాయించుకున్నాను. ఆ దెబ్బ వాళ్లు కొట్టింది కాదని తర్వాత తెలిసింది. ఇగ్గీ పాప్ పాడిన 'నైట్‌క్లబ్బింగ్' పాటలోంచి డ్రమ్ము ముక్క తీసుకుని, దాన్ని గుర్తుపట్టలేనంతగా మార్చేశారు. వీళ్ల పని తీరే అది. పాటలు రాసేదీ పాడేదీ ట్రెంట్ రెజ్నర్ అనే ఆయన. ఆ రోజుల్లో స్టూడియోలో దాదాపు ఒక్కడే కూర్చుని పొర మీద పొర పేర్చేవాడు. బ్యాండు అని పేరేగానీ, మిగతావాళ్లు ఎక్కువగా ఆయన టూర్‌కి వెళ్లినప్పుడు వాయించేవాళ్లు.

ఇప్పుడు మీ జనం సంగతి.

స్టేజీ మీద రికార్డింగ్ ఉన్నప్పుడు ఒక్కో మైకు వైరూ రెండు మూడు దార్లు చీలుతుందండి. ఒకటి జనానికి వినిపించే మిక్సర్‌కి, ఒకటి పాడేవాళ్ల మానిటర్లకి, ఒకటి రికార్డు చేసే మిషన్‌కి. డ్రమ్ముకి బెత్తెడు దూరంలో మైకు ఉంటుంది. గిటార్ ఆంప్లిఫయర్‌కి ఆనించినట్టు ఇంకోటి. కీబోర్డుకి మైకే ఉండదు, వైరు నేరుగా వెళ్తుంది. వీటిలో దేనికీ జనం పెద్దగా అందరు. వాళ్ల కోసం వేరే మైకులు జనం వైపు తిప్పి పెట్టాలి. తర్వాత తీరిగ్గా కూర్చుని, ఆ మైకుల్ని ఎంత కలపాలి అని చూసుకుంటారు.

నాకు ఇది దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక కనుమ రోజు ప్రభల తీర్థంలో ఆర్కెస్ట్రాకి సెట్ వేశాం. కొబ్బరి తోట నిండా జనం, ఇసుక వేస్తే రాలదు. మిక్సర్‌లోంచి వైరు లాగి రికార్డు చేసి మర్నాడు గాయకుడికి ఇచ్చాను. పాపం ఆయన విని, "ఊరంతా వచ్చారు కదండీ, నేను ఖాళీ పాకలో పాడినట్టుందేంటి" అన్నాడు. ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోందిగానీ ఒక్క ఈల లేదు. సరే అని మరుసటేడు రెండు మైకులు కొబ్బరిచెట్లకి కట్టి జనం మీదకి తిప్పాను. ఏమైందనుకున్నారు? పాట పాటంతా పిల్లకాయల బూరలు! ఒకడైతే మైకు కిందే నిలబడి గంటసేపు ఊదాడు. అప్పట్నుంచి జనాన్ని కూరలో ఉప్పులా వేస్తున్నాను.

మీ సీడీలో రెజ్నర్ ఉప్పు తగ్గించాడు, అంతే. ఆ పాటలు స్టేజీ మీద వాయించినవే. 1999 సెప్టెంబర్‌లో 'ద ఫ్రాజైల్' అని రెండు డిస్కుల ఆల్బమ్ వచ్చింది. దాని టూర్ పేరు ఫ్రాజిలిటీ. అందులో 2000లో అమెరికాలో తిరిగిన భాగాన్ని రికార్డు చేసి ఇది తయారు చేశారు. అయితే ఒకే రాత్రి కాదు, వేర్వేరు ఊళ్లలో వాయించినవి ఏరి, ఒకే కచేరీలా కుట్టారు. కుట్టు కనపడకూడదంటే జనాన్ని తగ్గించక తప్పదు. ఒక్కో హాల్లో అరుపు ఒక్కోలా మోగుతుంది కదండీ.

ఇక్కడ ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. స్టేజీ మీద ఉన్నది ఐదుగురు. రెజ్నర్, గిటార్‌కి రాబిన్ ఫింక్, బేస్‌కీ గిటార్‌కీ డానీ లోనర్, కీబోర్డుకి చార్లీ క్లౌజర్, డ్రమ్ములకి జెరోమ్ డిల్లన్. స్టూడియోలో పేర్చిన ఆ శబ్దాలన్నీ ఐదుగురి పది చేతుల్తో కుదరవు. కొన్ని ముందే చేసి పెట్టుకున్నవి వెనకాల నడుస్తూ ఉంటాయి. మీరు మోసమంటారేమో. ఇవాళ మన ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించేవాడు సగం లూప్‌లే వేస్తున్నాడు, దాన్ని ఎవరూ మోసమనట్లేదు. వెనకాల నడిచేది మిషన్, అది ఆగదు, తడబడదు. దాని పక్కన మనిషి కొట్టాలి. డిల్లన్ ఎలా కొట్టాడో 'గేవ్ అప్'లో వినండి. మిషన్‌ని వీడు తరుముతున్నట్టు ఉంటుందిగానీ, వీణ్ని మిషన్ తరుముతున్నట్టు ఉండదు.

'పిగ్గీ' కూడా మళ్లీ వినండి. అసలు పాట 1994 నాటి 'ద డౌన్‌వర్డ్ స్పైరల్' ఆల్బమ్‌లోది. అందులో చివర్న డ్రమ్ములు పిచ్చిగా కట్టు తెంచుకుంటాయి. అవి రెజ్నర్ స్వయంగా కొట్టాడు. ఎందుకు కొట్టాడో తెలుసా? మైకులు సరిగ్గా పెట్టారో లేదో చూడ్డానికి! చెకింగ్ కోసం కొట్టింది బాగుందని పాటలోనే ఉంచేశాడు. ముప్పై ఏళ్లుగా "మైక్ టెస్టింగ్, హలో హలో" అంటున్నవాణ్ని, నా చెకింగ్ ఏ పాటలోనూ పెట్టలేదు ఎవరూ.

మధ్యలో 'ద గ్రేట్ బిలో', ఆ వెంటనే 'ద మార్క్ హాజ్ బీన్ మేడ్', తర్వాత 'విష్'. డిస్కు మొత్తంలో నాకు నచ్చింది ఈ వరస. మొదటిది నీళ్లలో మునుగుతున్నట్టు ఉంటుంది, రెండోది ఆ నీళ్లలోంచి ఏదో పైకి లేస్తున్నట్టు, మూడోది మొహం మీద గుద్దు. మొదటి రెండింటి దగ్గర స్టేజీ మీద మూడు పెద్ద తెరలు దిగేవి. వాటి మీద నడిచే బొమ్మలు వీడియో చిత్రకారుడు బిల్ వయోలా చేసినవి. అవి చూడాలంటే ఇదే పేరుతో వచ్చిన డీవీడీ సంపాదించాలి. సీడీలో లేని 'లా మేర్' కూడా అందులో ఉంది. ఆ డీవీడీ సినిమా కెమెరాలతో తీసింది కాదండోయ్. రాబ్ షెరిడన్ అనే కుర్రాడు, టూర్‌లో ఉన్న మనుషులూ చేతిలో పట్టుకునే చిన్న డీవీ కెమెరాలతో రాత్రికో మూల నుంచి తీసి, మ్యాక్ కంప్యూటర్ మీద ఎడిట్ చేశారు. మన పెళ్లి వీడియోల బాపతే. తీసిన కన్ను వేరు.

నచ్చనిది కూడా చెప్తాను. 'క్లోజర్' ఇందులో స్టూడియో పాటకి జిరాక్స్ కాపీలా ఉంది. స్టేజీ ఎక్కించి లాభమేంటి? 15వ పాట పేరు ఇక్కడ రాయలేను, పెద్దలున్నారు.

ఆ టికెట్ లాగకండి. అన్నం వండేటప్పుడు ఆవిరి పట్టించండి, దానంతటదే వస్తుంది.

---

ఈరీ_చెరువుగట్టు

రాజోలు అన్నగారి తర్వాత చెప్పడానికి పెద్దగా ఏం మిగల్లేదు. రెండో ప్రశ్నకి నేను చెప్తాను. నేను ఉండేది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో. 1980ల చివర్లో రెజ్నర్ ఈ ఊళ్లోనే రైట్ ట్రాక్ అనే స్టూడియోలో పనికి ఉండేవాడు. పగలు ఊడ్చడం, తుడవడం, ఖాళీ దొరికిన రాత్రుళ్లు సొంత పాటల డెమోలు. 1989లో మొదటి ఆల్బమ్ వచ్చింది. మీ సీడీలోని 'టెరిబుల్ లై', 'సిన్', 'హెడ్ లైక్ ఎ హోల్' దాంట్లోవే.

మీ బాబాయి గారు చెప్పింది నిజం. ఈ ఆల్బమ్ ఒక డిస్కుతోనూ వచ్చింది, రెండు డిస్కులతోనూ వచ్చింది. రెండో డిస్కు పేరు 'స్టిల్'. తొమ్మిది ట్రాకులు. పేరున్న పాట అందులోనే ఉంది. అంటే లైవ్ ఆల్బమ్ పేరు ఏ పాటదో, ఆ పాట లైవ్ డిస్కులో లేదు, అసలు లైవే కాదు! నాకూ మొదట్లో ఇది చిరాగ్గా ఉండేది.

'స్టిల్' పూర్తిగా వేరే లోకం. కేకలు లేవు, రేకుల చప్పుడు లేదు. నాలుగు పాత పాటల్ని ఎక్కువగా పియానోతో, చిన్న గొంతుతో మళ్లీ పాడాడు. 'సమ్‌థింగ్ ఐ కెన్ నెవర్ హావ్', 'ద ఫ్రాజైల్', 'ద బికమింగ్', 'ద డే ద వరల్డ్ వెంట్ అవే'. చివరిది మీ డిస్కులోనూ ఉంది కదా, రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. స్టేజీ మీద అది గోడలు కూలుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ అదే ఇల్లు, ఎవరూ లేనప్పుడు. మిగతావి ఒక కొత్త పాట, నాలుగు మాటల్లేని ముక్కలు. ఆ మాటల్లేని వాటిని వింటే, ఈయన తర్వాత సినిమాలకి ఎందుకు పనికొచ్చాడో అర్థమవుతుంది. 'ద సోషల్ నెట్‌వర్క్'కి, పదేళ్ల తర్వాత 'సోల్'కి వచ్చిన ఆస్కార్ల విత్తనం ఇక్కడే పడిందని నా నమ్మకం.

ఈ డిస్కుల మధ్య తేడాకి ఒక కారణం ఉంది. 'ద ఫ్రాజైల్' మొదటి వారం అమెరికా చార్టులో ఒకటో స్థానంలో దిగి, రెండో వారానికే 16కి జారింది. టూర్‌కి కంపెనీ డబ్బు పెట్టనందని, రెజ్నర్ సొంత డబ్బు పోశాడని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. మన దగ్గర పొలం అమ్మి నాటకం ఆడించిన వాళ్ల కథలు వింటాం కదా, అలాంటిదే. దానికి తోడు మందు, మత్తు. 2001లో అవి మానేశాడు. ఆ తర్వాత నెలల్లోనే ఈ ఆల్బమ్ బయటికొచ్చింది. అందుకే ఒక డిస్కులో ఒళ్లు తెలియని మనిషి, ఇంకో డిస్కులో మర్నాటి మనిషి ఉన్నట్టు నాకు వినిపిస్తుంది. ఇది నా ఊహ, కొట్టకండి.

కొనేటప్పుడు ఒక గుర్తు. వీళ్ల అధికారిక విడుదలల్లో దాదాపు అన్నిటికీ 'హేలో' అని వరస నంబర్ ఉంటుంది. ఇది హేలో 17. పాత సీడీలు అమ్మేవాళ్లని రెండు డిస్కులూ ఉన్నాయా అని అడిగి మరీ తీసుకోండి.

జనం గోలే కావాలంటే మినిస్ట్రీ అనే ఇంకో బ్యాండు వాళ్ల 1990 లైవ్ ఉంది. ఫిబ్రవరి 22న ఇండియానాలోని మెరిల్‌విల్‌లో రికార్డు చేశారు. స్టేజీకీ జనానికీ మధ్య ఇనప కంచె, ఇద్దరు డ్రమ్మర్లు, ఆరే ఆరు పాటలు. వీడియోలో జనం ఆ కంచె పట్టుకుని పైకి ఎక్కుతుంటారు. మీ అమ్మగారు ఇంట్లో లేనప్పుడు పెట్టుకోండి.

---

మంచంకిందసూట్‌కేసు

ఇద్దరికీ చాలా థాంక్స్. గోడ అవతలి జనం రహస్యం తేలింది. కొబ్బరిచెట్టు మైకు కథ అమ్మకి చదివి వినిపిస్తే నవ్వి, "ఆయన్ని మన ఇంటి మోటారు కూడా చూడమను" అంది.

ఇంకో చిన్న సందేహం. మూడో పాట 'మార్చ్ ఆఫ్ ద పిగ్స్'కి కాలు ఆడిద్దామంటే కుదరట్లేదు. నాలుగు అడుగులు బాగానే పడతాయి, తర్వాత నా కాలు ఒకచోట, పాట ఒకచోట. ఇరవైసార్లు ప్రయత్నించాను. నాలోనే లోపమా?

టికెట్ ఆవిరి మీద వచ్చేసింది. అక్షరాలు వెలిసిపోయాయి, లైటు కింద పెట్టి చూస్తే మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ అని కనిపిస్తోంది. 2000 మే 9.

---

తాళంతప్పనిపెద్దమ్మ

లోపం నీది కాదు తల్లీ. నేను విజయవాడలో ముప్పై ఒక్క ఏళ్లు మృదంగం చెప్పాను. ఈ పాట నాకు మా అబ్బాయి ఇంటర్‌లో ఉన్నప్పుడు తలుపు సందులోంచి పరిచయం. తిట్టడానికే తలుపు తోశాను. తోసి, గుమ్మంలోనే నిలబడి వేళ్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

ముందు మిశ్రచాపు అనుకున్నా. తకిట తకధిమి, ఏడు. సరిగ్గా కుదిరింది. మళ్లీ ఏడు. మళ్లీ ఏడు. హమ్మయ్య పట్టేశాను అనుకునే లోపల నాలుగోది తప్పింది. అది ఎనిమిది. తకధిమి తకధిమి. ఏడు, ఏడు, ఏడు, ఎనిమిది. వెరసి 29 అక్షరాలకి ఒక చుట్టు. నీ కాలు నాలుగు లెక్కన అలవాటు పడింది గనక ఆ చివరి ఎనిమిది దగ్గర మాత్రమే నేల దొరుకుతుంది, మిగతా అంతా గాల్లో ఉంటుంది.

చేతులతో కాకుండా ముందు నోటితో చెప్పు. నిదానంగా మొదలుపెట్టు. పాట వేగం మహా దొడ్డది, నిమిషానికి 269 దెబ్బలు. మూడోకాలంలో నా శిష్యులే తడబడేవారు. మధ్యలో ఉన్నట్టుండి అంతా ఆగిపోయి పియానో ఒక్కటే పలుకుతుందే, అక్కడ ఊపిరి పీల్చుకో. మళ్లీ ఎత్తుకునేటప్పుడు తొందరపడకు.

నీ పుణ్యమా అని ఆ లైవ్‌ది ఇవాళ పొద్దున విన్నాను. ఆ డిల్లన్ అనే అబ్బాయి చివరి ఎనిమిదిని లాగడు, నొక్కడు, ఏమీ ఎరగనట్టు దాటేస్తాడు. కొత్తగా నేర్చినవాళ్లు అక్కడ "చూశారా" అన్నట్టు ఒక దెబ్బ గట్టిగా వేస్తారు. వీడు వేయలేదు. మా గురువుగారు వింటే తల ఊపేవారు. పాట పేరు మాత్రం అడిగేవారు కాదనుకుంటా.

---

ఈరీ_చెరువుగట్టు

ఒక్క నిమిషం. 2000 మే 9, మ్యాడిసన్ స్క్వేర్ గార్డెనా? అండీ, ఆ రాత్రి మామూలు రాత్రి కాదు! రెజ్నర్‌తో పాత గొడవలున్న గాయకుడు మార్లిన్ మాన్సన్ చెప్పాపెట్టకుండా స్టేజీ మీదకి వచ్చి కలిసి పాడిన రాత్రి. రాజోలు అన్నగారు పేరు రాయనన్న 15వ పాట అప్పుడే పాడారు. డీవీడీలో అది ఉంది. బాబాయి గారు ఆ హాల్లో ఉన్నారంటే ఆయన్ని కూర్చోబెట్టి మొత్తం రాయించండి ప్లీజ్. ఎక్కడ కూర్చున్నారు, జనం అరుపు ఎలా ఉంది, అన్నీ.

---

మైకుసెట్_రాజోలు

తొందరపడకండి. చెల్లెమ్మా, టికెట్ ఒక పక్క చింపి ఉందా, నిండుగా ఉందా? గేటు దగ్గర చింపకుండా ఎవరూ లోపలికి పంపరు. సినిమా హాలైనా, సర్కస్ అయినా, అమెరికా అయినా.

---

మంచంకిందసూట్‌కేసు

నిండుగా ఉందండీ. ఒక పక్క చిల్లుల గీత ఉంది, అక్కడ చింపాలి. చింపలేదు.

నిన్న రాత్రి బాబాయి భోజనానికి వచ్చినప్పుడు కంచం పక్కన పెట్టాను. చాలాసేపు చూసి, "ఇది ఎక్కడ దొరికింది" అన్నాడు. తర్వాత పెరుగన్నం కలుపుకుంటూ చెప్పాడు. నేను అడిగినవాటికి కాదు, ఆయనకి గుర్తొచ్చినవాటికి.

అది మంగళవారమట. ఆయన ఎడిసన్‌లో ఉండేవాడు. అక్కడ రైలెక్కితే గంటలోపు న్యూయార్క్ పెన్ స్టేషన్, ఆ స్టేషన్ నెత్తి మీదే ఈ హాలు. ఐదింటికి బయల్దేరుదామని బ్యాగు భుజాన వేసుకున్నాడట. అప్పుడే ఆఫీసులో సర్వర్ పడిపోయింది. వీసా కాగితాలు వాళ్ల చేతిలో ఉన్న రోజులు, వెళ్తానని అనలేకపోయాడు. అది లేచేసరికి తొమ్మిది దాటింది. ఆఖరి పాటైనా దొరుకుతుందేమోనని రైలెక్కాడు. పెన్ స్టేషన్‌లో దిగి ఎస్కలేటర్ ఎక్కుతుంటే, పక్క ఎస్కలేటర్ మీద జనం దిగుతున్నారట. అందరూ నల్ల టీషర్టులు, వానలో తడిసినట్టు చెమటలు. టికెట్ జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగి వాళ్లతోనే రైలెక్కాడు.

"మరి ఎవరినైనా అడిగావా, ఎలా ఉందని?" అన్నాను.

"అడక్కర్లేదు. చెవులు దిబ్బళ్లు వేసి ఎవడి మాట వాడికే వినపడట్లేదు. ఎడిసన్ దాకా పెట్టె పెట్టంతా అరుస్తూనే ఉన్నారు" అన్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి మేడ మీదకి వచ్చాడు. మంచం మీద కూర్చుని ఎనిమిదో పాట పెట్టమన్నాడు. 'ద గ్రేట్ బిలో'. హెడ్‌ఫోన్స్ ఇస్తే వద్దన్నాడు, స్పీకర్లలోనే పెట్టమన్నాడు. పాట సగంలో ఉండగా కింద నుంచి అమ్మ మోటారు కట్టెయ్యమని కేకేసింది. "అది మోటారు కాదు వదినా, నేనే" అని పైనుంచి చెప్పాడు.

రూమ్మేట్ ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉన్నాడట. నంబరు ఉందట. రెండో డిస్కు సంగతి ఈ ఆదివారం ఫోన్ చేసి అడుగుతానన్నాడు.